మనోవ్యాధికి మందుంది: వైద్యానికి పోయే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక గోడ దగ్గర కూర్చున్న ఆడవాళ్లు కొంచెం ముందుకు రండి. ఈ మాటల్లో సగం మీకోసమే.

ఇవాళ్టి ఎజెండాలో సీసీఐ కొనుగోలు కేంద్రాల సంగతి ఉంది, కౌలు రైతుల గుర్తింపు సంగతి ఉంది. వాటి మధ్యలో మానసిక వైద్యం అని నా అంశం చూసి ఇద్దరు ముగ్గురు నవ్వుకున్నారు. ఒకాయన అడగనే అడిగాడు: "అన్నా, గిట్టుబాటు ధర లేక చస్తుంటే కౌన్సెలింగ్ ఏంది? మనమేమన్నా పిచ్చోళ్లమా?" ముందు ఆ ప్రశ్నకే జవాబు చెప్తాను.

జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తం మీద వ్యవసాయం మీద బతికేవాళ్లు 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో 6,083 మంది కూలీలు, మిగతావాళ్లు రైతులు. అదే ఏడు విద్యార్థులు 13,044 మంది పోయారు. ఆ విద్యార్థుల్లో రైతుల పిల్లలు, కూలోళ్ల పిల్లలు లేరా? మనం ఈ చావుల మీద ధర్నాలు చేశాం, ఎక్స్‌గ్రేషియా ఫైలు పట్టుకుని ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరిగాం. అవన్నీ మనిషి పోయినాక చేసే పనులు. మనిషి ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది, నేను దాని గురించి మాట్లాడతాను.

అప్పును కౌన్సెలింగ్ తీర్చదు. పత్తి క్వింటాలుకు నూరు రూపాయలు కూడా అది పెంచదు. సర్కారోళ్లు "రైతుకు మనోధైర్యం కావాలి" అని ఒక క్యాంపు పెట్టి, ఫొటో దిగి, చేతులు దులుపుకుంటామంటే మనం ఒప్పుకోం. స్వామినాథన్ కమిషన్ చెప్పిన ధర అడుగుతూనే ఉంటాం. కానీ అప్పుల్లో ఉన్న మనిషికి మూడు వారాల నుంచి నిద్ర లేదనుకోండి, అన్నం సయిస్తలేదనుకోండి, బ్యాంకు నుంచి వచ్చిన కాగితం విప్పి చదివే ఓపిక కూడా లేదనుకోండి. ఆ మనిషి రేపు ధర్నాకు ఎట్లా వస్తాడు? రుణమాఫీ లిస్టులో పేరు రాకపోతే అర్జీ ఎట్లా పెడతాడు? రోడ్డు మీద గుంతలో పడి కాలు విరిగితే గుంత పూడ్చమని ఎంపీడీఓను నిలదీస్తాం, అదే రోజు కాలికి కట్టు కూడా కట్టించుకుంటాం. గుంత పూడేదాకా కట్టు వద్దని ఎవరూ అనరు కదా.

"మనోవ్యాధికి మందు లేదు" అని మన పెద్దలు సామెత చెప్పారు. వాళ్ల కాలంలో నిజంగానే లేదు. ఇప్పుడుంది. కాకపోతే దాని దగ్గరికి ఎట్లా పోవాలో మనకు తెలియదు. ఎరువు బస్తా కొనేటప్పుడు కంపెనీ చూస్తాం, తేదీ చూస్తాం, బిల్లు అడుగుతాం. ఈ వైద్యానికి పోయేటప్పుడు కూడా అట్లాగే నాలుగు సంగతులు తెలుసుకుని పోవాలి.

మొదటిది, జబ్బును గుర్తుపట్టడం. మన ఊళ్లలో దిగులు జబ్బు ఏడుపు రూపంలో రాదు. నడుం నొప్పి అని వస్తది, తల బరువు అని వస్తది, గ్యాసు, గుండె దడ, ఒళ్లంతా నీరసం అని వస్తది. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాం. ఆయన గ్లూకోజు సీసా ఎక్కించి బలం సూది వేస్తాడు. రెండు రోజులు బాగుంటది, మూడో రోజు మళ్లీ మొదలు. ఆర్‌ఎంపీని తిట్టడం నా ఉద్దేశం కాదు, అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చేది ఆయనే. కానీ ఏడాదిలో పది సీసాలు ఎక్కించుకుని కూడా నీరసం పోకపోతే, ఆ నీరసం ఒంట్లో లేదేమో అని ఒక్కసారి అనుమానపడాలి. అట్లాగని నేరుగా మనసు జబ్బే అని కూడా అనుకోవద్దు. థైరాయిడ్ తేడా, రక్తం తక్కువ కావడం, షుగరు, బీ12 తక్కువ కావడం, ఇవి కూడా అచ్చం అట్లాగే ఉంటాయి. అందుకే ముందు పీహెచ్‌సీలోనో జిల్లా దవాఖానలోనో రక్త పరీక్షలు చేయించండి. మంచి మానసిక వైద్యుడు కూడా మొదట అదే అడుగుతాడు.

రెండు వారాలు అనేది గుర్తుపెట్టుకోండి. బాధ, దిగులు మనిషన్నాక అందరికీ వస్తాయి. వడగళ్ల వానకు పంట పోతే నాలుగు రోజులు ఎవరికీ ముద్ద దిగదు, దాన్ని జబ్బు అనరు. రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాల పైన ఆ దిగులు అట్లాగే ఉండి, నిద్ర, తిండి, పని మూడూ దెబ్బతింటే అప్పుడు చూపించుకోవాలి. దవాఖానలో తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు, దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు. అందులో అడిగేది ఈ రెండు వారాల సంగతే. నిజం రాయండి. అది బ్యాంకు మేనేజరు అడిగే కాగితం కాదు, తక్కువ చేసి చూపించాల్సిన పని లేదు.

ఇక ఎవరి దగ్గరికి పోవాలి? ఇక్కడ చాలామంది మోసపోతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి ఆ మీద మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మాత్రలు రాసేది ఈయన. క్లినికల్ సైకాలజిస్టు మాత్రలు రాయరు. కూర్చోబెట్టి, మాట్లాడి, మాట్లాడించి వైద్యం చేస్తారు. థెరపీ అంటే అదే. వీళ్లకు ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటది. "అమ్మా, మీ ఆర్‌సీఐ నంబరు ఎంత?" అని అడగడం తప్పు కాదు, నిజమైనవాళ్లు కోపం తెచ్చుకోరు. మూడోవాళ్లు కౌన్సెలర్లు. వీళ్లలో ఎంఏ సైకాలజీ చేసి, మంచి శిక్షణ తీసుకుని బాగా పనిచేసేవాళ్లున్నారు. మూడు రోజుల క్లాసు విని గోడకు సర్టిఫికెట్ తగిలించుకున్నవాళ్లూ ఉన్నారు. బోర్డు చూసి పోవద్దు. ఏం చదివారు, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారు, అవసరమైతే ఏ డాక్టరు దగ్గరికి పంపుతారు అని అడగండి. "ఎవరి దగ్గరికీ పంపాల్సిన పనిలేదు, అన్నీ నేనే నయం చేస్తా" అన్నవాళ్ల దగ్గర చెప్పులు వేసుకుని లేచి రండి. ఒకే సిటింగులో గ్యారంటీ అన్నవాళ్లు, డాక్టరు రాసిన మాత్రలు వెంటనే ఆపేయమన్నవాళ్లు కూడా అదే జాతి.

మొదటి అడుగుకు బస్సెక్కే పని కూడా లేదు. 14416 నంబరు రాసుకోండి. టెలీ మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రి పగలు పనిచేస్తది, తెలుగులో మాట్లాడతారు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు, లేదా దగ్గర్లో ఎక్కడ చూపించుకోవాలో చెప్తారు. ఊరి పేరు చెప్పడానికి భయమైతే మొదట జిల్లా పేరు చెప్పి మొదలుపెట్టండి. ఆ తర్వాత జిల్లా దవాఖాన. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని ఒకటుంది. 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు మన పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో చేసి చూపించిన పద్ధతి అది. 1996 నుంచి దేశమంతా జిల్లాల్లో పెడుతూ వస్తున్నారు. ఇప్పుడు చాలా జిల్లా కేంద్రాల్లో మెడికల్ కాలేజీలు వచ్చాయి, వాటి దవాఖానల్లో మానసిక వైద్య విభాగం ఉంటది. ఓపీ ఏ రోజు ఉందో కనుక్కుని పోండి. తెలంగాణ ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి, చార్జీలకు మొగుణ్ని అడగాలి అనే బాధ కూడా మన అక్కలకు ఇప్పుడు లేదు.

సర్కారు దవాఖానలో ఒక ఇబ్బంది ఉంది, దాచిపెట్టను. ఓపీలో జనం ఎక్కువ, డాక్టరు అయిదు పది నిమిషాలే ఇస్తాడు. అసలు థెరపీ అంటే ఒక్కో సిటింగు ముప్పావు గంట పడ్తది. "సార్, మాట్లాడి చేసే వైద్యానికి సైకాలజిస్టు ఉన్నారా, ఏ రోజు రావాలి?" అని మీరే అడగాలి. అడగకపోతే మాత్రల చీటీ చేతికిచ్చి పంపిస్తారు. ఆ పోస్టు ఖాళీ ఉందంటే అది మన సంఘం సంగతి, కలెక్టరుకు అర్జీ పెడదాం. పట్నంలో ప్రైవేటుకు పోతే సిటింగుకు వెయ్యి, ఆ పైన తీసుకునేవాళ్లున్నారు. మొదటి రోజే ఫీజు ఎంత, ఎన్నిసార్లు రావాలి, ఫోన్లో మాట్లాడితే సరిపోతదా అని తేల్చుకోండి. కలుపు మొదలయ్యే ముందు ఎన్ని కూలీలు పడతాయో లెక్కేసుకుంటాం కదా, అట్లా.

"ఎర్రగడ్డ" అనే మాట మన దగ్గర తిట్టు అయిపోయింది. ఆంధ్ర పక్కనోళ్లకు విశాఖపట్నం దవాఖాన పేరు అట్లాగే. సినిమాల్లో కరెంటు షాకు ఇచ్చి మనిషిని గిలగిల కొట్టిస్తారు, అది చూసి మనం భయపడతాం. అసలు సంగతి వినండి. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. దాని 95వ సెక్షన్ ప్రకారం మత్తు ఇవ్వకుండా ఆ వైద్యం చేయడం నిషేధం. మైనర్లకైతే బోర్డు అనుమతి లేనిదే చేయకూడదు. మనిషిని గొలుసులతో కట్టేయడం కూడా అదే సెక్షన్ కింద నిషేధం, అది దవాఖానలో కట్టినా, దర్గాలో కట్టినా, గుడి దగ్గర కట్టినా. 23వ సెక్షన్ ప్రకారం మీ జబ్బు సంగతి డాక్టరు బయట చెప్పకూడదు. "పిల్లకు సంబంధాలు రావు" అనేది మన పెద్ద భయం, అందుకే ఇది చెప్తున్నాను. దవాఖాన వాళ్ల నోరు చట్టం కట్టేసింది, మన బంధువుల నోరు మనమే చూసుకోవాలి. ఇంకో సెక్షన్, 21. ఆరోగ్య బీమా కంపెనీలు ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ ఇవ్వాలని అందులో ఉంది. పాలసీ ఉన్నవాళ్లు కాగితం తీసి చూడండి.

పోలీసు కేసు భయం ఒకటుంది. "చనిపోవాలనిపిస్తోంది అని డాక్టరుకు చెప్తే కేసవుతదా?" అని నన్ను అడిగారు. కాదు. ఆలోచన చెప్తే ఎప్పుడూ కేసు లేదు. ఒకవేళ ప్రయత్నమే జరిగినా, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వమే వైద్యం అందించాలి అని ఆ చట్టం 115వ సెక్షన్ చెప్తోంది. పాత 309 సెక్షన్ 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ఒక్కటి మాత్రం ఉంది, 226: అధికారి మీద ఒత్తిడి పెట్టడానికి అట్లాంటి ప్రయత్నం చేస్తే నేరం. తహసీల్దారు ఆఫీసు ముందు డబ్బా పట్టుకుని నిలబడే అలవాటు మన దగ్గర మొదలైంది కాబట్టి చెప్తున్నాను. అది పోరాట పద్ధతి కాదని సంఘం ఎప్పుడో తీర్మానించింది.

మొదటి రోజు పోయేటప్పుడు ఏం పట్టుకుపోవాలి? పాత చీటీలు, వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకోండి, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా. నిద్ర ఎన్ని గంటలు, మందు ఎంత తాగుతారు, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా అయిందా, ఇవి అడుగుతారు. అప్పు సంగతి తప్పకుండా చెప్పండి, అంకెతో సహా. బ్యాంకులో ఎంత, షావుకారు దగ్గర ఎంత, మిత్తి ఎంత, గ్రూపు లోను ఎంత. చాలామంది భార్యకు కూడా చెప్పని అంకె అది. మంచి థెరపిస్టు ఆ అంకె విని బెదరడు, "దేవుడి మీద భారం వెయ్యి" అని కూడా అనడు. ఒక కాగితం మీద అన్నీ రాయించి, ఈ నెలలో మన చేతిలో ఉన్నది ఏది, లేనిది ఏది అని విడదీయిస్తాడు. ఉన్నదాంట్లో ఒక చిన్న పని చెప్పి, వచ్చే వారం వచ్చి చెప్పమంటాడు. ఆ చిన్న పని పొద్దున్నే లేచి బాయి దాకా నడిచి రావడం కావచ్చు, బ్యాంకుకు పోయి ఒక్క కాగితం తీసుకోవడం కావచ్చు. ఇంతేనా అనిపిస్తది. గోవాలో డాక్టర్లు కానివాళ్లకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన దిగులు ఉన్నవాళ్లకు ఇదే పద్ధతిలో ఆరు నుంచి ఎనిమిది సిటింగులు ఇప్పించారు. డాక్టరు దగ్గర మామూలు వైద్యం ఒక్కటే తీసుకున్నవాళ్లతో పోలిస్తే వీళ్లలో ఎక్కువమంది కోలుకున్నారు. 2017లో లాన్సెట్ పత్రికలో అది అచ్చయింది.

మొదటి రెండుసార్లు బయటికి వచ్చినప్పుడు మనసు ఇంకా బరువు కావచ్చు. పుండు కడిగితే మండుతది. నాలుగైదు సార్లు పోయినాక కూడా ఏ మార్పూ లేకపోతే ఆ మాట ఆమెకే చెప్పండి, పద్ధతి మార్చమనండి, లేకపోతే మనిషిని మార్చండి. మొహమాటపడి మానేయడం కంటే అది మేలు.

మాత్రల గురించి రెండు మాటలు. దిగులు తగ్గించే మాత్రలు తలనొప్పి గోలీ లాగా గంటలో పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలు పడ్తది, ఒక్కోసారి ఆరు. ముందుగా వచ్చేది కడుపులో తిప్పడం లాంటి చిన్న ఇబ్బందులు. అక్కడే మనవాళ్లు "పడలేదు" అని ఆపేస్తారు. ఆపకండి, డాక్టరుకు ఫోన్ చేయండి. కొంచెం బాగైనాక సొంతంగా ఆపేయడం ఇంకో తప్పు. ఎన్ని నెలలు వాడాలో, ఎట్లా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. "అలవాటై పోతాయి" అనే భయం నిద్ర మాత్రల విషయంలో నిజం, వాటిని మెడికల్ షాపులో చీటీ లేకుండా ఏళ్ల తరబడి కొని మింగేవాళ్లు మన మధ్యనే ఉన్నారు. దిగులు మాత్రలు ఆ రకం కాదు. భూతవైద్యుడి దగ్గరికి, పీర్ల దగ్గరికి పోతామంటే నేను అడ్డుకోను, పెద్దమ్మల నమ్మకం వాళ్లది. మాత్ర మాత్రం ఆపించొద్దు.

తాగుడు విషయంలో అక్కలు జాగ్రత్తగా వినండి. ఆయనకు తెలియకుండా కూరలో కలిపే పొడి అమ్ముతున్నారు, "పది రోజుల్లో మందు మాన్పిస్తాం" అని. అందులో ఏముందో అమ్మినవాడికే తెలియదు. కొన్నిట్లో డాక్టర్లు వాడే మందే ఉంటది. అది కడుపులో ఉండగా తాగితే గుండె దడ పుట్టి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తది. తెలియకుండా ఎప్పుడూ పెట్టొద్దు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం వస్తాయి. మాల వేసుకున్నప్పుడు చాలామందికి ఇట్లా అయింది. మానడం మంచిదే, డాక్టరుకు చెప్పి మానాలి.

ఇక పిల్లలు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుంది. మార్కుల మెమోల్లో తప్పులు, ఆ వారం పది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. మన భూమి అమ్మి, అమ్మకపోతే కుదువ పెట్టి, పట్నం కాలేజీ హాస్టల్లో వేస్తాం. "మా బతుకు నీ ర్యాంకు మీదే ఉంది బిడ్డా" అంటాం. ప్రేమతోనే అంటాం. పదహారేళ్ల పిల్ల నెత్తిన అది ఎకరంన్నర భూమంత బరువు. కాలేజీల దోపిడీ మీద ఇంకో సమావేశం పెడదాం, ఇవాళ పిల్ల సంగతి.

పిల్లల్లో దిగులు చిరాకు రూపంలో వస్తది. ఊరికే అరుస్తారు, తలుపు వేసుకుంటారు, స్నేహితులను మానేస్తారు, అర్ధరాత్రి దాకా మేలుకుని పొద్దున లేవరు, మార్కులు పడిపోతాయి. మనం "ఫోన్ వల్లనే" అని ఫోన్ గుంజుకుంటాం. ఫోన్ కూడా కారణం కావచ్చు, కానీ నిద్ర రాని పిల్లలే ఫోన్ పట్టుకుంటారనేది కూడా నిజం. చేతుల మీద గాట్లు కనపడితే కొట్టకండి, ఎవరికీ చూపించి పరువు తీయకండి. ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

తీసుకుపోయేటప్పుడు మోసం చేయొద్దు. కళ్ల డాక్టరు అని చెప్పి తీసుకుపోతే ఆ పిల్ల అక్కడ నోరు విప్పదు, ఇంటికొచ్చి మనతో కూడా మాట్లాడదు. ఇట్లా చెప్పండి: "బిడ్డా, నువ్వు రెండు నెలల నుంచి సరిగా పడుకుంటలేవు. నాకు భయమైతుంది. ఇద్దరం పోదాం. నీకు నచ్చకపోతే వేరే మేడమ్ దగ్గరికి మారుదాం." ఆడపిల్లకు మేడమే కావాలంటే మేడమ్ దగ్గరికే పోండి.

అక్కడ మొదట అందరినీ కూర్చోబెట్టి మాట్లాడి, తర్వాత మిమ్మల్ని బయట ఉండమంటారు. కోపం తెచ్చుకోవద్దు. లోపల ఏం మాట్లాడింది అని పిల్లను బస్సులో గుచ్చి గుచ్చి అడగొద్దు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు వైద్యం చేయాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి, కాబట్టి వైద్యం ఏ దారిలో నడుస్తోందో మీకు చెప్తారు. పిల్ల చెప్పిన ప్రతి మాటా చెప్పరు. అట్లా చెప్తారని తెలిస్తే ఏ పిల్లా మాట్లాడదు. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం తప్పకుండా చెప్తారు. ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం, పద్దెనిమిది నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే కౌన్సెలర్ అయినా డాక్టరైనా పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే వాళ్ల మీదే కేసు. ఇది పిల్లను కాపాడడానికే. "మా ఇంటి సంగతి బయట పెట్టారు" అని కౌన్సెలర్ మీద గొడవకు పోవద్దు.

పిల్లలకు దిగులు మాత్రలు రాస్తే మొదటి వారాల్లో దగ్గరుండి చూసుకోవాలి. కొందరు పిల్లల్లో మాత్ర మొదలుపెట్టిన కొత్తల్లో చెడు ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని డాక్టర్లే చెప్తారు. మాత్రల డబ్బా పిల్ల చేతికివ్వకండి. ఏ రోజుది ఆ రోజు మీరే ఇవ్వండి. తేడా కనపడితే తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి.

థెరపీ పిల్లకు మొదలవుతది గానీ చాలాసార్లు మార్పు ఇంట్లో రావాలి. "నాన్న తాగొచ్చి అమ్మను కొట్టడం ఆపితే నాకు నిద్ర వస్తది" అని పిల్ల చెప్తే, ఆ మందు ఏ మెడికల్ షాపులోనూ దొరకదు. తండ్రిని కూడా రమ్మంటారు. తండ్రులు పోవాలి. పని ఉందని తల్లిని ఒక్కదాన్నే పంపొద్దు.

ఎవరి విషయంలోనైనా, "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి భయపడొద్దు. అడిగితే లేని ఆలోచన పుడతదని అనుకుంటాం. పుట్టదని డాక్టర్లు చాలామందిని చూసి తేల్చారు. ఉన్నది బయటికి చెప్పుకునే దారి దొరుకుతది. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, వాదన పెట్టుకోవద్దు, 14416కు చేయండి లేదా 108లో దవాఖానకు తీసుకుపోండి.

మన రైతుల ఇళ్లకు మాత్రమే వర్తించే జాగ్రత్త ఒకటుంది. పట్నం పుస్తకాల్లో దీన్ని రాయరు. మన ఇళ్లలో పురుగుమందు మంచం కింద, గడపమాను మీద, వంటింటి అటక మీద ఉంటది. ఆ చెడు ఆలోచన చాలామందికి కొద్ది సేపే గట్టిగా ఉంటది. ఆ కొద్ది సేపు చేతికి అందకపోతే మనిషి మిగులుతాడు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది తర్వాత బతుకుతారు. కాబట్టి ఇంట్లో ఎవరికి బాగా లేకపోయినా, బాగానే ఉన్నా, ఆ డబ్బాలు ఇంట్లో నుంచి తీసేయండి. ఒక ఇనుప పెట్టె, దానికి తాళం, తాళంచెవి ఇంకొకరి దగ్గర. కొట్టే రోజుకు ఎంత కావాలో అంతే కొనండి. మిగిలింది దాచొద్దు. సంఘం తరఫున ఊరికొక ఉమ్మడి పెట్టె పెట్టే ఆలోచన ఉంది, ఇది ఓటుకు పెడదాం.

చివరిగా మన సంఘం పని. మహారాష్ట్రలో అమరావతి జిల్లా, మనలాగే పత్తి ప్రాంతం. అక్కడ ముప్ఫై ఊళ్లలో విశ్రామ్ అని ఒక కార్యక్రమం నడిపారు. ఊరి మనుషులకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. మొదట్లో దిగులు జబ్బు ఉన్న నూరుమందిలో నలుగురే వైద్యానికి పోయేవాళ్లు. ఏడాదిన్నరలో అది ఇరవై ఏడుకు పెరిగింది. ఇక్కడ వికారాబాద్‌లో 2017లో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ ఇంకో దారి చూపించింది. రైతు ఫోన్ చేస్తే ఓదార్చి పెట్టేయకుండా, పాస్‌బుక్కు సమస్యైతే రెవెన్యూకు, బ్యాంకు సమస్యైతే బ్యాంకుకు పంపించి వెంటబడడం. నాకు ఈ పద్ధతి ఎక్కువ నచ్చింది. మనసు ఒకచోట, పాస్‌బుక్కు ఒకచోట లేవు రైతుకు.

నా ప్రతిపాదన ఇది. ప్రతి ఊరి కమిటీ నుంచి ఇద్దరు, అందులో ఒకరు ఆడమనిషి, వినడం నేర్చుకోవాలి. జిల్లా దవాఖాన మానసిక వైద్య విభాగం వాళ్లను పిలిచి రెండు రోజులు శిక్షణ ఇప్పిద్దాం. వాళ్లు వైద్యం చేయరు. ఒకటి, మనిషిని దవాఖాన దాకా తోడుగా తీసుకుపోతారు. రెండు, ఆ మనిషి అప్పు కాగితాలు, పాస్‌బుక్కు అర్జీలు సంఘం తరఫున మోస్తారు. విన్నది కల్లు దుకాణంలో చెప్పేవాళ్ల పేర్లు మాత్రం ఇవ్వకండి. మొగుడు పోయిన ఇళ్లకు మొదట పోవాలి. ఆ ఆడమనిషి పిల్లల చదువు, షావుకారు, అత్తగారింటి మాటలు అన్నీ ఒక్కతే మోస్తుంటది, ఆమెను "ఎట్లున్నావు చెల్లె" అని అడిగేవాళ్లు పదకొండో రోజు తర్వాత ఉండరు.

పేర్లు ఇవాళ సాయంత్రం లోపు కార్యదర్శికి ఇవ్వండి. ఇప్పుడు టీ వస్తోంది. తాగినాక ప్రశ్నలు తీసుకుంటాను. నలుగురిలో అడగడానికి ఇబ్బందిగా ఉంటే చీటీ రాసి ఈ డబ్బాలో వేయండి, పేరు రాయక్కర్లేదు. రాయడం రానివాళ్లు మీటింగ్ అయినాక నన్ను పక్కకు పిలవండి, ఆరు గంటల బస్సు దాకా నేను ఇక్కడే ఉంటాను.